చిల్లర పద్దు

నాన్న నాకు ఆస్తి ఇవ్వలేదు.
తనది కాని ఆస్తికి లెక్క ఇచ్చి పోయాడు.

మూడు ఖాతా పుస్తకాలు, కాశీబుగ్గలో ఒక గోదాం తాళం,
రబ్బరు బ్యాండు వేసిన రసీదుల కట్ట.
బ్యాండు వేడికి కరిగి
పై రసీదుకు అంటుకుపోయింది.
లాగితే తేదీ చిరిగింది.

తిత్లీకి ఉద్దానంలో జీడితోటలు పడిపోయిన ఏడు
వాటితో పాటు పడినవాడు తంగుడు జోగినాథం.
బాయిలరు, కటింగు మిషన్లు, నూటపది బస్తాల పిక్క
అన్నీ నాన్న పేర రాసిచ్చాడు.
"అమ్మి, అప్పులోళ్లకి పంచీండి మాస్టారూ.
నా సేత్తో పంచితే ఎవుడు నమ్ముతాడు?"
నాన్న నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాడు.
మిగిలిపోయిన లెక్కంటే ఆశ.

అరవై ఒక్క మంది. రూపాయికి ముప్పై ఏడు పైసలు.
నలభై నాలుగో పేరు దగ్గర నాన్న ఆగిపోయాడు.
ఆ పేరుకెదురుగా అంకె లేదు.
పెన్ను ఆనిన చోట
ఒక చుక్క.

సోంపేట ప్లీడరు కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు:
"పోయినాయన లెక్క తేలందే
కొత్తాయన ఆ పుస్తకం ముట్టడు.
బాకీ మీది కాదమ్మా. జవాబు మాత్రం మీదే."

బ్యాంకు నుంచి వచ్చి, అన్నం తిని, రోజూ కూర్చున్నాను.
అరవై వేలు తేడా.
నాలుగు రాత్రులు.
అయిదో రాత్రి గుర్తొచ్చింది,
నాన్న ఏడు వేస్తే ఒకటిలా ఉంటుంది.
అలాగే వేసినందుకు
చిన్నప్పుడు నాకు మాత్రం మొట్టికాయ పడింది.

తేడా పోయింది. ఒక పద్దు మిగిలింది:
"చి. 20". మర్నాడు మళ్లీ "చి. 20".
నాలుగొందల పన్నెండు రోజులు.
ఎనిమిది వేల రెండొందల నలభై.

ఆదివారం గోదాంలో అందర్నీ పిలిచి చదివాను.
లారీల హడిబంధు బిసాయి చెయ్యెత్తాడు.
"ఈ చిల్లరేటి?"
నాకు తెలీదన్నాను.
గోదాంలో జీడి సొన వాసన, ఎవరో దగ్గారు.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచి
జోగినాథం నిలబడి ఉన్నాడు.
"అది నా టీ.
రోజూ వచ్చి ఆ స్టూలు మీద కూకునీవోణ్ణి,
నా సామాను అమ్ముడైపోతుంటే సూద్దారని.
మాస్టారు ఒక టీ, రెండు గారెలు తెప్పించీవోరు.
నాను తాగితేగాని పుస్తకం తెరిచీవోరు కాదు."

"మా డబ్బుల్తోనా?" అన్నాడు బిసాయి.
న్యాయమైన మాటే.

ఢిల్లమ్మ ముందుకొచ్చింది.
పిక్క కొట్టి కొట్టి నల్లబడిన వేలు
నలభై నాలుగో పేరు మీద ఆనించింది.
చదవడం రాదు. ఎలా పోల్చుకుందో మరి.
"ఇది నాదే కదేటి? పదకొండు వారాల కూలి.
ముందు నా సుక్కని అంకె సెయ్యి తల్లీ.
టీ సంగతి తర్వాత తగువాడుకుందురు గానీ."

చేశాను. అంకె చిన్నదే.
పుస్తకం కిందికి వాలిన మెడలన్నీ
ఒకేసారి లేచాయి.

నాన్నకి నూటికి రెండు రావాలని దస్తావేజులో ఉంది.
ముప్పై ఒక్క లక్షకి అరవై రెండు వేలు.
పైసా తీసుకోలేదాయన.
అందులోంచి టీ డబ్బులు కోసి
మిగతా యాభై మూడు వేల ఏడొందల అరవై
నేను తీసుకుని, రసీదు రాశాను.
వద్దంటే గొప్పగా ఉండేది,
లెక్కే తేలేది కాదు.
ఎవడి బాకీ వాడికి చేరాలమ్మా అనేవాడు,
తనని తప్ప అందర్నీ లెక్కేసుకుని.

కొత్తాయన సోమవారం వస్తాడు.
తాళాలు, కాటా, తూకం రాళ్లు, పంకా ఒకటి,
జాబితా చదివి సంతకం పెట్టాను.
ఏడు అంకెకి అడ్డగీత పెట్టాను.

స్టూలు జాబితాలో లేదు.
చీకటి పడ్డా జోగినాథం
దాని మీంచి లేవలేదు.